ప్రాబ్లమ్ ఎవరిస్తారు?

(ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి స్మారకోపన్యాస పాఠం)

బాలకృష్ణ దోషి గారు 2023 జనవరి 24న అహ్మదాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 95. ఆయన పేరు మీద మాట్లాడమంటే ఆయన స్టూడియో సంగత్ గురించో, ఆయన గీసిన బెంగళూరు ఐఐఎం గురించో, 2018లో వచ్చిన ప్రిట్జ్‌కర్ బహుమతి గురించో చెప్పడం సులువు. ఆ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆయన జీవితంలో నన్ను చాలాకాలంగా వదలని సంగతి మరొకటుంది. డిగ్రీ పూర్తి చేయని మనిషి ఈ దేశంలో గొప్ప ఆర్కిటెక్చర్ స్కూళ్లలో ఒకటి పెట్టారు.

పుణెలో, తరాలుగా కలప సామాను పని చేసే ఉమ్మడి కుటుంబంలో 1927లో పుట్టారాయన. 1947లో బొంబాయి జె.జె. ఆర్కిటెక్చర్ స్కూల్లో చేరారు. చదువు మధ్యలోనే లండన్ వెళ్లారు. అక్కడ 1951లో జరిగిన ఆధునిక వాస్తుశిల్పుల సమావేశానికి వెళ్లి, ఆర్కిటెక్టు లె కార్బూజియే పంజాబుకు కొత్త రాజధాని కడుతున్నాడని తెలుసుకుని, ఉత్తరం రాసుకుని పారిస్ చేరారు. మొదటి ఎనిమిది నెలలు జీతం లేదు. 1954లో తిరిగొచ్చి అహ్మదాబాదులో లె కార్బూజియే భవనాల పని దగ్గరుండి చూశారు. 1962లో అదే ఊళ్లో ఆర్కిటెక్చర్ స్కూలు మొదలుపెట్టారు. ఇవాళ మనం సెప్ట్ అని పిలుస్తున్నది దాన్నే.

ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఆ ఎనిమిది నెలల జీతం లేని పనిని ఆదర్శంగా చూపించకూడదు. ఇవాళ కొన్ని ఆఫీసులు ట్రైనింగుకు వచ్చిన పిల్లలకు రూపాయి ఇవ్వకుండా, పైగా 'పని నేర్చుకుంటున్నావుగా' అంటున్నాయి. ఇంటినుంచి నెలనెలా డబ్బు తెప్పించుకోగలిగినవాళ్లే అలాంటిచోట నిలబడగలరు. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదువుకుని, ఇంట్లో మొదటి డిగ్రీ తనదే అయిన పిల్లవాడికి ఆ తలుపు మూసుకుపోతుంది. దోషి గారి నుంచి తీసుకోవలసింది, ఎక్కడ నేర్చుకోవాలో, దేని మీద పని చెయ్యాలో ఆయన ఇంకొకరు చెప్పేదాకా ఆగకపోవడం. దాన్ని తరగతి గదిలో నేర్పగలమా? నేర్పగలమనే నా నమ్మకం. ఎలాగన్నదే ఈ పూట నా విషయం.

మన స్టూడియోల్లో ప్రతి సెమిస్టరు మొదటి రోజు ఒక మాట వినపడుతుంది. 'సార్, ఈసారి ప్రాబ్లమ్ ఏంటి?' మనం ఒక కాగితం ఇస్తాం. అందులో స్థలం కొలతలుంటాయి. ఎన్ని గదులు, ఒక్కో గది ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని కార్లకు చోటుండాలి, అన్నీ ఉంటాయి. డబ్బు మాత్రం ఉండదు. అందులో ఎవరు ఉంటారన్నది కూడా సాధారణంగా ఉండదు. 'యూజర్' అనే పేరుతో ఊరూ వయసూ లేని ఒక మనిషి ఉంటాడు. ఆ కాగితానికి పిల్లలు రాత్రుళ్లు మేలుకుని జవాబు గీస్తారు, జ్యూరీ అవుతుంది, మార్కులు పడతాయి. ఐదేళ్ల కోర్సులో, ఆఫీసు ట్రైనింగు సెమిస్టరు, చివరి థీసిస్ మినహా, ఇదే తంతు. అన్నిసార్లు జవాబు రాయించాం గానీ ప్రశ్న ఒక్కసారీ రాయించలేదు.

చివరి ఏడాది థీసిస్ దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా 'నీకు నచ్చింది ఎంచుకో' అంటాం. అప్పటిదాకా ఎంచుకునే అలవాటే లేని పిల్లవాడు ఏం చేస్తాడు? సీనియర్ల జాబితా తిరగేసి అంతర్జాతీయ విమానాశ్రయమో, సినిమా స్టూడియోనో, బీచ్ రిసార్టో పట్టుకొస్తాడు. అతన్ని అని లాభం లేదు. డిగ్రీ చేతికొచ్చాక కూడా అదే వరస. ఆఫీసులో పెద్దాయన ఇచ్చిన టాయిలెట్ డీటెయిల్ గీస్తాడు, త్రీడీ వ్యూలు తీస్తాడు, ఆ మీదట ఇంకొకరిచ్చే ప్రాబ్లమ్ కోసం చూస్తాడు. ముప్పై అయిదో ఏట వెనక్కి తిరిగి చూసుకుని, 'నేను ఇదంతా ఎందుకు గీశాను సార్?' అని అడిగిన పాత విద్యార్థులు నాకు తెలుసు. తెలివైనవాళ్లు, చెయ్యి తిరిగినవాళ్లు. వాళ్ల గొంతులో ఆ ప్రశ్న వినడం ఒక అధ్యాపకుడికి చాలా కష్టమైన పని.

వృత్తిని చట్టం ఏ మాత్రం కాపాడుతుందో కూడా పిల్లలకు ముందే చెప్పాలి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం మనకిచ్చింది ఒక పేరు. ఆర్కిటెక్చర్ కౌన్సిల్లో నమోదు కానివాళ్లు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది: చట్టం కాపాడేది ఆ పేరునే, ఆ పని మిగతావాళ్లు చేయకూడదని చట్టంలో లేదు. మన ఊళ్లలో ఆ పని నిజంగా చేస్తున్నదెవరో మనకు తెలుసు. మేస్త్రి, మున్సిపల్ ఆఫీసు ఎదురుగా ప్లాన్లు గీసే ఆయన, వాస్తు చూసే సిద్ధాంతి. తెలంగాణలో 2020లో వచ్చిన బీపాస్ పద్ధతి 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేకుండా చేసింది. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. చిన్న మనిషికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. ఆ ఇంట్లోకి గాలి ఎటునుంచి వస్తుంది, మెట్లు ఎటు పెడితే వంటగదికి వెలుతురు అడ్డం రాదు అని ఆలోచించే మనిషి మాత్రం ఆ కుటుంబానికి దారిలో ఎక్కడా ఎదురుపడడు. 75 గజాల ఇంటికి మన పిల్లల్లో ఒకరు వెళితే ఎలా బతకాలి? నెలకు అలాంటి ఇళ్లు ఎన్ని చెయ్యాలి, ఒక్కోదానికి ఎంత అడగాలి, సైటుకు ఎన్నిసార్లు వెళ్లాలి? ఇది నిజమైన డిజైన్ ప్రాబ్లమ్. ఏ కాలేజీ కాగితం మీదా నాకు ఇంతవరకు కనపడలేదు.

ఆర్కిటెక్టు లారీ బేకర్‌ను మనం ఎలా నేర్పుతున్నామో చూడండి. ర్యాట్ ట్రాప్ బాండ్ అని బోర్డు మీద గీస్తాం. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే గోడ, దాదాపు పావు వంతు ఇటుక మిగులుతుంది, ఇల్లు చల్లగా ఉంటుంది. పరీక్షలో అడుగుతాం, రాస్తారు. ఆయన తిరువనంతపురంలో పని నడిపిన తీరు మాత్రం పాఠంలో ఉండదు. వాడేసిన కవర్ల వెనక బొమ్మలు గీసుకుని, మధ్యలో కాంట్రాక్టరు లేకుండా, మేస్త్రీల పక్కనే నిలబడి కట్టించారు. ఆ గోడ కంటే ఆ పద్ధతే మన పిల్లలకు ఎక్కువ అవసరమని నేనంటాను. ఒక మనిషి తనకు నచ్చిన పని చేయడానికి ఎలాంటి ఆఫీసు కావాలో కూడా తనే డిజైన్ చేసుకున్నాడు మరి!

ప్రశ్న తామే రాసుకున్న విద్యార్థుల్లో ఇద్దరి పేర్లు చెబుతాను.

ఫ్రాన్సిస్ కేరే 1965లో బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లెలో పుట్టాడు. ఊళ్లో బడి లేదు. చిన్నప్పుడే ఇల్లు వదిలి వేరే ఊళ్లో చదువుకోవలసి వచ్చింది. ఉడికిపోయే సిమెంటు గదిలో వందమందికి పైగా పిల్లలు. 1985లో వడ్రంగం నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్ మీద బెర్లిన్ వెళ్లాడు, రాత్రి బడిలో చదివాడు, తర్వాత అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్‌లో చేరాడు. విద్యార్థిగా ఉండగానే తన ఊరికి బడి కట్టాలని సంఘం పెట్టి చందాలు పోగు చేశాడు. మట్టితో కడతానంటే ఊరివాళ్లు మొదట నమ్మలేదు, వానకు కరిగిపోతుందన్నారు. కొంచెం సిమెంటు కలిపి మట్టి ఇటుకలు చేయించి, సందులున్న ఇటుక కప్పు వేసి, దాని మీద సన్నటి ఇనుప చువ్వల ఊతంతో రేకును పైకి ఎత్తి పెట్టాడు. వేడిగాలి ఆ ఖాళీలోంచి వెళ్లిపోతుంది. 2001లో బడి పూర్తయింది. అతనికి డిగ్రీ వచ్చింది 2004లో. ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు కూడా అదే ఏడు. 2022లో ప్రిట్జ్‌కర్.

రెండోవారు జర్మనీకి చెందిన అన్నా హెరింగర్. పంతొమ్మిదేళ్లప్పుడు బంగ్లాదేశ్ వెళ్లి ఏడాదిపాటు దీప్‌శిఖ అనే స్వచ్ఛంద సంస్థతో పని చేసింది. తర్వాత ఆస్ట్రియాలో లింజ్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ, తన డిప్లొమా పనిగా బంగ్లాదేశ్‌లో ఒక ఊరి బడినే ఎంచుకుంది. దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్‌లో మట్టి, వెదురుతో రెండంతస్తుల బడి లేచింది. కట్టడంలో ఊరివాళ్లూ చేతులు కలిపారు. 2007లో దానికీ ఆగాఖాన్ అవార్డు వచ్చింది.

ఇద్దరి దగ్గరా గమనించవలసింది పని జరిగిన వరస. ముందు మనుషులు తెలుసు, ఆ తర్వాత స్థలం, ఆ తర్వాత డబ్బు కోసం తిరగడం, అన్నిటికీ చివర గీత. మన స్టూడియోలో గీతతో మొదలుపెట్టి గీతతోనే ముగిస్తాం.

మళ్లీ దోషి గారి దగ్గరికి వస్తాను. ఇందోర్‌లో ఆయన చేసిన అరణ్య కాలనీలో 6,500కు పైగా ఇళ్లు, 80,000 మందికి పైగా మనుషులు. అక్కడ పేద కుటుంబానికి అందినది ఎత్తుగా కట్టిన పునాది, నీళ్లూ మరుగుదొడ్డీ ఉన్న భాగం, ఒక గది. పై సంగతి కుటుంబం ఇష్టం. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకో గది వేసుకుంటారు, మెట్లు పైకి పోతాయి, వీధి వైపు చిన్న కొట్టు తెరుచుకుంటుంది. ఎలా పెంచుకోవచ్చో చూపించడానికి 80 నమూనా ఇళ్లు మాత్రం గీసి కట్టించారు. 1995లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. యాభై దాటిన వయసులో మొదలుపెట్టిన పని అది.

మన పాఠ్యక్రమాన్ని కూడా అలాగే విడదీసి చూడమని నా మనవి. కట్టుబడి, స్ట్రక్చర్, చట్టం, ఎస్టిమేషను, వీటిని పునాదిలా పక్కాగా మనమే కట్టివ్వాలి. ఇందులో సడలింపు కూడదు. ఆపైన డిజైన్ స్టూడియోలో అధికారం కొంచెం కొంచెంగా పిల్లల చేతికి వదలాలి. మొదటి ఏడాది బస్‌షెల్టరు గీయమనే కాగితంలో ఒక్క వాక్యం ఖాళీ పెట్టండి, ఆ షెల్టరు ఎవరి కోసమో వాళ్లే రాయాలి. అది రాయాలంటే బస్టాపులో ఒక పూట కూర్చోవాలి. మందులకొచ్చిన ముసలావిడ ఎక్కడ ఆనుకుని నిలబడిందో చూస్తారు. మూడో ఏడాదికల్లా ఖర్చు వాళ్లే వెయ్యాలి. థీసిస్ నాటికి ప్రశ్న మొత్తం వాళ్లదే కావాలి. ప్రశ్న తమదవ్వాలంటే ముందు తమ ఊరు తెలియాలి. హైదరాబాదు పిల్లలకు బార్సిలోనా భవనాల పేర్లు నోటికి వచ్చు. ఈసీఐఎల్ దగ్గర బస్సు దిగమంటే 'ఎందుకు?' అంటారు. ఆ సంస్థ టౌన్‌షిప్ దోషి గారు గీసిందనీ, ఆఫీసు భవనం చార్లెస్ కొరియా గీసిందనీ, ఆ కొరియా మన సికింద్రాబాదులోనే పుట్టాడనీ ఎవరూ చెప్పి ఉండరు.

మా దగ్గర చదివిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. చీరాల వైపు చేనేత కుటుంబం. థీసిస్‌కు బీచ్ రిసార్టు చేస్తానని వచ్చింది. 'వానాకాలంలో మీ ఇంట్లో ఎలా ఉంటుందమ్మా?' అని అడిగాను. 'మగ్గం గుంటలోకి నీళ్లొస్తాయి సార్. బక్కెట్లతో తోడిపోస్తాం. ఆరేదాకా నేత ఉండదు' అంది, అది చెప్పుకోదగ్గ సంగతే కానట్టు. 'దాన్ని కొలిచి తీసుకురా' అన్నాను.

వెళ్లి కొలిచి తెచ్చింది. ఆ షీట్లు నా దగ్గర ఇంకా ఉన్నాయి. వాళ్ల వీధి రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేశారు. గుమ్మం కంటే రోడ్డు ఎత్తైపోయింది. అందుకే నీళ్లు లోపలికి వస్తున్నాయి. గుంట మగ్గం మీద నేసే మనిషి కాళ్లు గుంటలో పెట్టుకుని నేల మీదే కూర్చుంటాడు. అంటే అతని కళ్లు నేలకు రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉంటాయి. కిటికీలేమో నిలబడే మనిషికి పెట్టినట్టు మూడడుగుల పైన ఉన్నాయి. వెలుతురు తల మీదుగా పోతోంది, నూలు పోగు మీద పడటం లేదు. పట్టపగలు బల్బు వేసుకుంటున్నారు. పడుగు చాచి గంజి పెట్టుకోవడానికి వీధే చోటు. అక్కడి చెట్టు కొట్టేశాక ఆ పని తెల్లవారుజామునే ముగించాల్సి వస్తోంది. వాళ్ల నాన్న జీవితమంతా అక్కడే కూర్చుని నేశాడు. కిటికీ సంగతి ఆ అమ్మాయి ఆ గుంటలో తను దిగి కూర్చున్నాకే చూసింది.

ఆమె రాసుకున్న ప్రశ్న ఇది: కుటుంబం ఒక్క నెల కూడా నేత ఆపకుండా, విడతలుగా, చేతనైన ఖర్చులో మగ్గం గదిని ఎలా బాగు చెయ్యాలి? జ్యూరీకి ఒక నేత పెద్దాయన్నీ, ఒక మేస్త్రినీ కూడా పిలిచాం. బయటినుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఒకరు, 'ఇందులో డిజైన్ ఎక్కడుంది?' అన్నారు. మేస్త్రి అడిగింది వేరు. 'అమ్మా, నేల రెండడుగులు లేపుతానంటున్నావు. మరి దర్వాజా ఎత్తు ఏమవుతుంది?' ఆ ఒక్క మాటతో ఆమె ఎస్టిమేటు తలకిందులైంది. నేల లేపితే దర్వాజా లేపాలి, దర్వాజా లేపితే కప్పు లేపాలి. రెండు వారాలు తీసుకుని మళ్లీ గీసింది. నేలను అలాగే వదిలి, గుంట చుట్టూ గట్టు, గుమ్మంలో నీళ్లు ఆపే అడ్డు, వీధి నీళ్లు పక్కకు మళ్లే చిన్న కాలువ, ఉత్తరం గోడకు నేలను ఆనుకుని పొడుగాటి కిటికీ. ఖర్చు బాగా తగ్గింది. డిజైన్ ఎక్కడుందన్న ప్రశ్నకు మేస్త్రి వల్ల జవాబు దొరికిందని నా అభిప్రాయం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆ చుట్టుపక్కల పాత ఇళ్ల మరమ్మతులు చేయిస్తోంది. దాంతో ఇల్లు గడవదు కాబట్టి వారంలో కొన్ని రోజులు ఇంటినుంచే ఇంకో ఆఫీసుకు డ్రాయింగులు గీసి పంపుతుంది. రెండింటినీ ఏ పాళ్లలో కలపాలో తెలిసి వేసుకున్న లెక్క అది. ఆ లెక్క వేసుకోవడం కూడా మేం నేర్పామని నాకు సంతృప్తి.

డబ్బు విషయంలో మన కాలేజీలు చాలా బిడియపడతాయి. ప్రొఫెషనల్ ప్రాక్టీస్ అని ఒక సబ్జెక్టు ఉంది. అందులో ఫీజు శాతాల పట్టిక కంఠస్థం చేస్తారు. ఎదుటి మనిషిని ఫీజు అడగడానికి మాత్రం నోరు రాదు. నేను తరగతిలో క్లయింటులా కూర్చుంటాను. 'ఇంత చిన్న ఇంటికి ఫీజు దేనికండీ, మా బావమరిది సివిల్ ఇంజనీరే, ప్లాను వాడు గీస్తాడు' అంటాను. పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత తడబడతారు, కొన్నాళ్లకు జవాబు చెప్పడం మొదలుపెడతారు. ఏ దశలో ఎంత తీసుకోవాలి, అడ్వాన్సు లేకుండా రెండో షీటు ఎందుకివ్వకూడదు, ఒప్పందం రాతలో ఎందుకుండాలి, ఏ పనికి 'మేం చెయ్యలేమండి' అనాలి. వీటితోపాటు ఇంకో కాగితం కూడా రాయిస్తాను. నగరంలో గది అద్దె, తిండి, బస్సు, ల్యాప్‌టాప్ వాయిదా, ఇంటికి పంపవలసింది. జూనియర్ ఆర్కిటెక్టు మొదటి జీతంలో ఇవన్నీ ఎలా ఇముడుతాయి? చదువుకోసం అప్పు చేసిన ఇంటి పిల్లలు ఆ కాగితం అందరికంటే వేగంగా, కచ్చితంగా నింపుతారు. మిగతావాళ్లు వాళ్లను చూసి నేర్చుకుంటారు.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పకపోతే ఈ ఉపన్యాసానికి అర్థం లేదు. నా తరగతుల్లో సగానికి పైగా వాళ్లే. పది పదిహేనేళ్ల తర్వాత సైట్ల మీద, ఆఫీసుల యజమానులుగా వాళ్లలో ఎంతమంది కనపడుతున్నారో లెక్క చూసుకుంటే మనసు కలుక్కుమంటుంది. పెళ్లి, ఊరు మారడం, పిల్లలు, అర్ధరాత్రి దాకా పని చేయించే ఆఫీసు సంస్కృతి. ఇవేవీ సిలబస్‌లో లేవు, అందరి జీవితాల్లోనూ ఉన్నాయి. నాలుగో ఏడాదిలోనే దీని గురించి తరగతిలో బాహాటంగా మాట్లాడాలి, మగపిల్లలు వినేలా మాట్లాడాలి. చిన్న ఆఫీసు ఇంటి దగ్గరినుంచి ఎలా నడపాలి, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి భాగస్వామ్యం ఎలా రాసుకోవాలి, రెండేళ్లు విరామం తీసుకున్నాక మళ్లీ ఎలా రావాలి. రిజిస్ట్రేషను రెన్యువల్ ఆపెయ్యకండని మాత్రం ప్రతి అమ్మాయికీ చెబుతుంటాను.

ఈ చదువు చదివి ఇల్లు కట్టకపోయినా పరవాలేదు. అరుంధతీ రాయ్ ఢిల్లీలో ఆర్కిటెక్చరే చదివింది. థీసిస్ సమర్పించే రోజుల్లోని ఆర్కిటెక్చర్ విద్యార్థుల మీద ఆమె రాసిన సినిమా 1989లో దూరదర్శన్‌లో వచ్చింది, నవలకు బుకర్ బహుమతి 1997లో. మనవాళ్లు సినిమా సెట్లకు వెళ్తున్నారు, పురాతన కట్టడాల పరిరక్షణకు, పట్టణ ప్రణాళికకు, ఫర్నిచర్‌కు వెళ్తున్నారు. తెలిసి వెళ్లినవాళ్లను చూస్తే సంతోషంగా ఉంటుంది. ఇక్కడ దారి కనపడక వెళ్లినవాళ్లను చూస్తేనే బాధ.

అడ్మిషన్ల రోజు తల్లిదండ్రులు అడుగుతారు, 'ప్లేస్‌మెంటు ఎంతుంటుంది సార్?' న్యాయమైన ప్రశ్నే. ఇంజనీరింగు కాలేజీల్లా ఒక అంకె చెప్పి పంపించకండి. ఈ వృత్తిలో మొదటి అయిదేళ్లు జీతం తక్కువ, పేరు ఆలస్యంగా వస్తుంది, ఆ ఏళ్లు నిలబడటానికి మేం పిల్లలకు ఫలానా ఫలానా నేర్పుతున్నాం అని చెప్పండి. అలా చెప్పాలంటే ముందు మనం నేర్పుతుండాలి కదా.

ఈ సభలో ఆఫీసులు నడిపే మిత్రులు చాలామంది ఉన్నారు. మీకు రెండు విన్నపాలు. ట్రైనింగుకు వచ్చే పిల్లలకు స్టైపెండు ఇవ్వండి. ఆ సెమిస్టరులో ఒక్క పూట మీ ప్రాజెక్టు ఫైలు ఒకటి వాళ్ల ముందు తెరవండి: ఫీజు ఎంత అడిగారు, ఎంత ఒప్పుకున్నారు, ఎంత చేతికొచ్చింది, ఎన్నాళ్లకొచ్చింది, మధ్యలో ఏ పని వదులుకున్నారు. క్లయింటు పేరు కొట్టేసి చూపించండి చాలు. వచ్చే ట్రైనింగు సెమిస్టరుకు ఈ రెండింటికీ ఒప్పుకునే ఆఫీసులకే మా పిల్లలను పంపాలని మా విభాగంలో అనుకున్నాం. పేర్లు రాసుకోవడానికి ఇద్దరు విద్యార్థులు బయట బల్ల దగ్గర ఉన్నారు. భోజనానికి వెళ్లేముందు దయచేసి అక్కడ ఆగండి.